మోచేతి పట్టు

మిర్యాలగూడలో ఐకిడో నేర్పే మనిషంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. కింద రాసేదాంట్లో అతని గురించి ఒకటి రెండు మంచి మాటలు తప్పక రాయాల్సి వస్తుంది, అవి చూసి మేమిద్దరం కలిసిపోయామని ఎవరైనా అనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మేం కలవలేదు. కలిసే ఉద్దేశం కూడా నాకు లేదు. ఒకప్పటి నా జోడీ కాబట్టి వాడు అనే రాస్తాను.

నేను సూర్యాపేటలో జుజుత్సు నేర్పుతాను. హైవే పక్కన టైర్ల షాపు మీద మొదటి అంతస్తు, కిరాయి హాలు. కింద పంక్చర్లు వేస్తుంటే రబ్బరు వాసన పైకి వస్తుంది, పిల్లలు దానికి అలవాటు పడ్డారు. పగలు బడిలో డ్రిల్లు సారును, సాయంత్రం హాల్లో మాస్టరును. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. జుజుత్సు అంటే ఏంటి సార్ అని తల్లిదండ్రులు అడిగితే, అవతలివాడి కీలు ఎటు తిరగదో అటు తిప్పడం అని చెబుతాను. అంతకంటే ఎక్కువ వివరిస్తే పిల్లల్ని తీసుకుని కరాటేకు పోతారు.

అసలు రాయవలసింది నా బిడ్డ కుడి మోచెయ్యి గురించి. ఆమెకు ఇరవై రెండేళ్ళు. మిర్యాలగూడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చేసింది, కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయింది. తర్వాతవి ఈవెంట్స్: పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. పరుగులో ఆమెకు ఢోకా లేదు. లాంగ్ జంప్ అటూ ఇటూగా వస్తుంది. ఆమె నమ్ముకున్నది షాట్‌పుట్‌ను. ఇనుప గుండును మెడకు ఆనించుకుని, నడుము తిప్పి విసిరితే కావలసిన గీత దాటి రెండడుగుల అవతల పడేది. రోజూ తెల్లవారి గ్రౌండులో ఆ గుండు పడిన చోట నేను చెప్పు అంచుతో గీత గీసేవాణ్ణి. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ సర్కారు కొలువు లేదు. ఆమెకు వస్తుందని ఇంట్లో అందరం రాసిపెట్టుకున్నట్టే ఉన్నాం.

హైదరాబాదులో నేనూ వాడూ ఒకే గురువు దగ్గర ఐదేళ్ళు జుజుత్సు నేర్చుకున్నాం. నాది గరిడేపల్లి దగ్గర ఊళ్ళో గొర్లు కాసే ఇల్లు. వాడిది మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఇల్లు. చాప మీదికి వచ్చాక ఆ తేడా ఉండదని మా గురువు అనేవాడు. ఉండేది. నేను పట్టు పడితే వాడు గట్టిగా మూలిగేవాడు, వాడు పట్టు పడితే నేను పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాణ్ణి. ఇద్దరి బరువూ ఒకటే కాబట్టి ఐదేళ్ళూ నాకు వాడే జోడీ. నా ఎడమ భుజం జారిన రోజు నన్ను దవాఖానకు మోసుకుపోయింది కూడా వాడే. ఒక మంచి మాట అయిపోయింది.

తర్వాత వాడు బెంగుళూరు పోయి ఐకిడో నేర్చుకొచ్చాడు. నల్ల లంగా లాంటిది కట్టుకుని వచ్చి, జుజుత్సు మొరటుదనీ, దాన్ని కడిగి శుభ్రం చేస్తే ఐకిడో అయిందనీ నాతోనే అన్నాడు.

కడిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఐకిడోలో ఉన్న పట్లన్నీ పాత జుజుత్సులోంచి పోయినవే, ఈ సంగతి ఐకిడో వాళ్ళూ ఒప్పుకుంటారు. మణికట్టు బయటికి తిప్పడం, మోచెయ్యి మీద బరువు పెట్టి మనిషిని నేలకు దించడం, ఎదురొచ్చిన వాడి పక్కకు దూరి తల తిప్పి పడేయడం, ఇవి రెండింట్లోనూ ఉన్నాయి. తేడా అంతా దూరంలో ఉంటుంది, చివర్లో ఉంటుంది. మేం అవతలి చేతిని రొమ్ముకు దగ్గరగా లాక్కుంటాం, కొద్దిగా తిప్పుతాం, కీలు ఇక తిరగనన్న చోట ఆపి పడతాం. పట్టే ముందు మొహం మీదికి ఒక దెబ్బ విసురుతాం. అవతలివాడు కళ్ళు మూసిన అర క్షణంలో చెయ్యి మన చేతికి వస్తుంది. ఐకిడో వాళ్ళు దూరం జరిగి పెద్ద గుండ్రం గీస్తారు, మనిషిని ఆ గుండ్రం వెంట నడిపిస్తారు, కీలు ఆగేలోపే వదిలేస్తారు. దెబ్బ వాళ్ళకూ ఉంది గాని ఈగను తోలినట్టు ఉంటుంది. మా దగ్గర పట్టుబడ్డవాడు నొప్పి పుడితే రెండుసార్లు తడతాడు, పట్టినవాడు వదులుతాడు. వాళ్ళూ తడతారు, కింద పడేసి చెయ్యి నొక్కిపెట్టినప్పుడు. నిలబడి ఉండగా కీలు మీద ఒత్తిడి తగిలితే మాత్రం తట్టరు, దొర్లుతారు. దొర్లి, లేచి, మళ్ళీ ఎదురుగా నిలబడతారు.

ఆ తల తిప్పి పడేసేది మా అయ్యకు కూడా వచ్చు. వానాకాలం పొలాల గట్ల మీద బురదలో తిరిగి గొర్రె గిట్టల్లో పుండ్లు లేస్తే, మందు పెట్టడానికి ఒక చేత్తో దవడ పట్టి తలను దాని డొక్క వైపు తిప్పేవాడు, రెండో చేత్తో తుంటి నొక్కేవాడు. ఎంత బలిసిన పొట్టేలైనా చతికిలపడేది. ఆయన అందుకోసం ఏ నల్ల లంగా కట్టుకోలేదు. ఈ సంగతి నేను వాడితో అన్నప్పుడు, "అయితే మీ అయ్య పెద్ద మాస్టరే అన్నా" అని నవ్వాడు. వాడు నాకంటే రెండేళ్ళు చిన్న, అన్నా అనే పిలుస్తాడు. ఆ నవ్వు నాకు ఎగతాళిగా తగిలింది. ఆ రోజుతో మా మధ్య మాటలు ఖతం. పదిహేనేళ్ళు అదే పంతం మీద ఉన్నాను.

నా బిడ్డ వాడి దగ్గర నేర్చుకుంటున్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె పడిన తీరు చూసి తెలిసింది. డిగ్రీ అయిపోయి ఇంటికి వచ్చిన వారానికి, పిల్లలకు చూపించడానికి హాల్లో ఆమెను విసిరాను. ఎనిమిదేళ్ళ వయసు నుంచి నా దగ్గర నేర్చుకున్న పిల్ల, అరచేత్తో చాపను చరచాలి. మా వాళ్ళు పడితే ఆ చప్పుడుకు కింద టైర్ల షాపువాడు పైకి చూస్తాడు. ఆమె చప్పుడే లేకుండా భుజం మీదుగా దొర్లి, లేచి, నాకు ఎదురుగా నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను వాళ్ళను నీళ్ళు తాగి రమ్మని పంపాను.

"ఎవరు నేర్పిండ్రు నీకు గిట్ల పడుడు?"

"మిర్యాలగూడల సార్."

"ఏ సార్?"

ఆమె బెల్టు ముడి సర్దుకుంటూ, "నీకు తెల్సిన సారే నాన్నా. రెండేండ్ల నుంచి పోతున్న," అన్నది.

మరునాడే బస్సెక్కాను. వద్దన్నా ఆమె నా వెంటే వచ్చింది. వాడి క్లాసు వాళ్ళ పాత మిల్లు గోదాంలో. చాపలు కొనలేదు, గోనె సంచుల్లో వరి ఊక నింపించి కుట్టించి, వాటి మీద తార్పాలిన్ బిగించాడు. అడుగు వేస్తే గరగరమంటుంది. పన్నెండు మంది ఆ ఊక మీద గుండ్రంగా తిరుగుతున్నారు, ఒకరు చెయ్యి అందిస్తున్నారు, ఇంకొకరు దొర్లుతున్నారు, దొర్లినవాడే మళ్ళీ వచ్చి చెయ్యి అందిస్తున్నాడు. అంత మర్యాదగా కొట్టుకునేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు. వాడు నన్ను చూసి క్లాసు ఆపాడు. జుట్టు నెరిసింది, పొట్ట రాలేదు. అదీ నాకు నచ్చలేదు.

"నా బిడ్డకు నువ్వెందుకు నేర్పినవ్?" అన్నాను.

"వచ్చింది, నేర్పిన. నీ బిడ్డని ఆర్నెల్ల దాంక నాకు తెల్వదు అన్నా. తెల్సినంక నాన్నకు చెప్పు అన్న. చెప్తా అన్నది."

"గీ ఊక మీద దొర్లుడు నేర్పితే రేపు బస్టాండ్ల ఎవడన్న పట్టుకుంటే ఏం చేస్తది? దొర్లుతదా?"

"అవుసరమైతే దొర్లుతది," అని వాడు కుడి చెయ్యి ముందుకు చాచాడు. "పట్టు. ఎంత గట్టిగ పడ్తవో పట్టు."

పట్టాను. పదిహేనేళ్ళ కోపమంతా పెట్టి మణికట్టు పట్టాను. వాడు తిప్పబోయాడు, తిరగలేదు. నాకు సంతోషమైంది. అంతలో వాడి ఎడమ చెయ్యి నా కళ్ళ మీదికి వచ్చింది, ఈగను తోలినట్టు కాదు, నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా కుడి చెయ్యి కర్రలాగా చాచుకుని వాడి చంక కింద ఉంది, నేను మునివేళ్ళ మీద ఉన్నాను. మా గురువు నేర్పిన మోచేతి పట్టే. మణికట్టు రెండు చేతుల్లో ఉంటుంది, మోచెయ్యి చంక కింద ఇరుక్కుని ఉంటుంది, పట్టినవాడు ఒక్క వేలు మందం కిందికి వాలితే చాలు, కీలు పోతుంది.

"గిది నీది," అన్నాడు. నేను వాడి తొడ మీద రెండుసార్లు తట్టాను. వదిలాడు.

"ఇగ గిది నాది." మళ్ళీ అదే చెయ్యి, అదే మోచెయ్యి. ఈసారి చంక తెరిచి ఉంచాడు. తన ముంజేతిని నా మోచేతి కింద పెట్టి ఒక అడుగు ముందుకు నడిచాడు, నడుస్తూనే మణికట్టు వదిలేశాడు. నాకు ముందుకు పోవడం తప్ప వేరే దారి లేదు. దొర్లడం రాదు కాబట్టి ఊక సంచుల మీద బోర్లా పడ్డాను. పన్నెండు మందిలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నా బిడ్డ వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపింది, నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఒకే పట్టుకు రెండు చివరలు ఉన్నాయని నాకు ఆ రోజే ఒంటి మీద తెలిసింది. జుజుత్సు చివర మనిషిని అక్కడే ఆపేస్తుంది. ఐకిడో చివర మనిషికి ఒక తలుపు తెరిచి పెడుతుంది, అందులోంచి పొమ్మంటుంది. రెండూ పనిచేస్తాయి. పుస్తకంలో చదివితే ఇది చిన్న తేడా.

నేను గోదాం బయట చెప్పులు తొడుక్కుంటుంటే వాడు వెనకే వచ్చాడు. నా బిడ్డ అప్పటికే రోడ్డు మీదికి పోయి ఆటో కోసం చూస్తోంది.

"అన్నా, ఒక్క మాట. ఆమె తోటి చేసేటప్పుడు మోచెయ్యి చంకల బిగబట్టకు. మోచేతి కింద ఒత్తిడి తగలంగనే ఆమె ముందుకు దొర్లుతది. రెండేండ్ల అలవాటు, ఆలోచించదు. గీడ అవతలోడు వదుల్తడు కాబట్టి ఏం గాదు. నువ్వు వదలకపోతే చెయ్యి పోతది."

"నా బిడ్డ తోటి ఎట్ల చెయ్యాల్నో నాకు చెప్తవా," అన్నాను. ఇంటిదాకా ఆమెతో మాట్లాడలేదు.

వాడు చెప్పింది నిజమని అప్పుడే తెలుసు. జుజుత్సు ఒక్కటే వచ్చినవాడు ఆ పట్టులో మునివేళ్ళ మీద లేచి తడతాడు. ఐకిడో ఒక్కటే వచ్చినవాడి చేతిని అలా ఎవరూ బిగబట్టరు. సగం నా దగ్గర, సగం వాడి దగ్గర నేర్చుకున్న మనిషికే ఆ పట్టులో చెయ్యి విరుగుతుంది. అట్లాంటి మనిషి మా రెండు ఊళ్ళలో ఒక్కరే ఉన్నారు.

ఈవెంట్స్‌కు నెల రోజులు ఉండగా కోదాడలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు పిలిచారు. ఆడపిల్లలకు ఆత్మరక్షణ చూపించాలి. నేనూ నా బిడ్డా పొద్దున్నే బయల్దేరి పోయాం. బస్సులోనే ఏమేం చేయాలో అనుకున్నాం: జుట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, వెనక నుంచి గొంతు పట్టుకుంటే ఏం చేయాలి, కాలర్ పట్టుకుంటే వేలు ఎలా విరవాలి. మూడే. షాట్‌పుట్ ఉంది కాబట్టి కుడి చేతికి పని తగ్గిద్దామని నేనే అన్నాను.

బడి గేటు దగ్గర వాడి కారు కనపడింది. ప్రిన్సిపాల్ ఆంధ్రా వైపు మనిషి, ఎదురొచ్చి చేతులు కలిపాడు. "ఆయనా మీరూ ఒకే గురువుగారి శిష్యులంట కదండీ. రెండూ దాదాపు ఒకటేనన్నారు, అందుకే ఇద్దరినీ ఒకే ప్రోగ్రాంలో పెట్టేశాం సార్," అన్నాడు. ఆ దాదాపు అన్న మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ముందు వాడు స్టేజీ మీద చూపించాడు. తన శిష్యుడొకణ్ణి తెచ్చుకున్నాడు, ఒక కొయ్య బాకు తెచ్చుకున్నాడు. శిష్యుడు బాకుతో పొడవడానికి వస్తాడు, వాడు పక్కకు జరుగుతాడు, శిష్యుడు గాల్లో తిరిగి పడి లేస్తాడు. మూడు వందల మంది ఆడపిల్లలు, పడిన ప్రతిసారీ ఈలలు. ముందు వరసలో ఒక టీచరమ్మ ఫోన్లో వీడియో తీస్తోంది. అయ్యాక వాడు నమస్కారం పెట్టి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

నేను మైకు తీసుకున్నాను. "ఇప్పటి దాంక సూసింది మంచిగుంది. డాన్సు మంచిగనే ఉంటది. అవతలోడు పడ్డానికి ఒప్పుకుంటే అందరూ పడేస్తరు. ఒప్పుకోకపోతే ఎట్లుంటదో సూడుండ్రి," అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు నవ్వలేదు.

నా బిడ్డ ఎదురుగా వచ్చి నిలబడింది. "కాలర్ పట్టు," అన్నాను. వేలు విరిచేది అనుకుని పట్టింది. నేను మొహం మీదికి దెబ్బ విసిరి, ఆమె చెయ్యి చాపి, చంక కింద బిగించాను. బస్సులో అనుకున్న మూడింట్లో అది లేదు. ఆమె మునివేళ్ళ మీద లేచింది. నేను ఆమె వైపు చూడలేదు, కుర్చీ వైపు చూశాను, వాడి మొహం ఎలా ఉందోనని. వాడు సగం లేచి ఉన్నాడు.

ఆమె దొర్లింది. ఎండిన కందికట్టె విరిచిన చప్పుడు వచ్చింది. ఆమె ఒళ్ళు ముందుకు పోయింది, చెయ్యి నా దగ్గరే ఉంది.

ఆమె అరవలేదు. కింద నుంచి, "నాన్నా, వదులు," అన్నది. అప్పటికీ నేను పట్టుకునే ఉన్నాను.

వాడు స్టేజీ ఎక్కి ఆ కొయ్య బాకును ఆమె చేతికి ఆనించి, నడుము నుంచి తన బెల్టు విప్పి కట్టు కట్టాడు. వేళ్ళు కదిలించమన్నాడు, ఆమె కదిలించింది. నేను మైకు పక్కన నిలబడి, అందరికీ వినపడేలాగా, "నువ్వు నేర్పిన దొర్లుడే దీని చెయ్యి తీసింది," అని అరిచాను. వాడు ముడి బిగించడం ఆపలేదు. "ముందు దవాఖానకు పోదాం అన్నా," అన్నాడు. ఇది రెండో మంచి మాట, ఇంతకంటే నా దగ్గర లేవు.

మోచెయ్యి కీలు తప్పింది, పక్కన చిన్న ఎముక ముక్క విరిగింది. కీలు సర్దారు, కట్టు వేశారు. మూడు వారాలు కదపొద్దు, తర్వాత మెల్లగా వ్యాయామం, గుండు సంగతి ఆరు నెలల దాకా మర్చిపొమ్మన్నారు. ఈవెంట్స్ తేదీ మార్చమని అర్జీ పెట్టాం, కుదరదన్నారు. ఆ రోజు రానే వచ్చింది. ఆమె తెల్లవారి నాలుగింటికే లేచి స్నానం చేసి, బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుంది. లేసులు వాళ్ళమ్మ కట్టింది. ఏడింటికి తనే ఎడం చేత్తో విప్పేసుకుని లోపలికి పోయింది. మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు.

నేను ఊరుకోలేదు. టీచరమ్మ తీసిన వీడియో నా ఫోన్లోకి వచ్చింది. అందులో నా వీపు కనపడుతుంది, నా చంక కనపడదు. ఆమె తనంతట తానే దొర్లడం స్పష్టంగా ఉంటుంది. బడిలో, హాల్లో, టీ కొట్టు దగ్గర, బంధువుల ఇళ్ళల్లో, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాను. "సూడుండ్రి, నేను పట్టి నిలబడ్డ, ఆమెనే దొర్లింది. గా మిర్యాలగూడోడు గట్ల నేర్పిండు," అనేవాణ్ణి. వాడి పన్నెండు మందిలో ఏడుగురు మానేశారని విన్నాను. ఆ రోజు అన్నం బాగా తిన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ తిన్నాను.

వాడు ఒకసారి మా ఇంటికి వచ్చాడు, ఆమెను చూసి పోదామని. నేను బయటికి రాలేదు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, నా బిడ్డ నౌకరి నోటికాడ తీసినవ్, ఇంక ఏం మిగిలిందని వచ్చినవ్ అని దులిపేసింది. గోదాం బయట నన్ను హెచ్చరించిన సంగతి వాడు ఆమెకు చెప్పొచ్చు. చెబుతాడనే కిటికీ దగ్గర చెవి పెట్టుకుని ఉన్నాను. తలవంచుకుని అన్నీ విని పోయాడు. నోరు విప్పి ఉంటే నేను బయటికొచ్చి తిట్టగలిగేవాణ్ణి, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

కట్టు విప్పాక చెయ్యి సగం వంగినట్టే ఉండిపోయింది. వేడి నీళ్ళ తువ్వాలు చుట్టి, మెల్లగా చాపి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ వదలాలని ఫిజియో చూపించాడు. బలవంతం చేయొద్దు, నొప్పి పుడితే ఆపాలి. కీళ్ళ సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికి తెలుసని ఆ పని నేను తీసుకున్నాను. రోజూ పొద్దున బడికి పోయే ముందు ఆమె మంచం మీద కూర్చునేది, నేను కింద పీట మీద. నొప్పి పుడితే ఆమె ఎడం చేత్తో మంచం పట్టె మీద రెండుసార్లు తట్టేది. నేను వదిలేవాణ్ణి. మొదట్లో చెయ్యి తాకితేనే తట్టేది. రోజులు గడిచేకొద్దీ చెయ్యి కొంచెం కొంచెం చాచుకుంది. కోదాడ గురించి ఆమె ఒక్క మాట అనలేదు, నేను ఎత్తలేదు.

కట్టు విప్పిన ఐదో వారంలో ఒక పొద్దున నేను చెయ్యి చాపుతూ మధ్యలో ఆగిపోయాను.

"నేను తట్టలే," అన్నది. "ఎందుకు ఆపినవ్?"

"నొస్తది."

"నొస్తదని నీకెట్ల తెల్సింది?"

"చేతికి తెలుస్తది బిడ్డా. ఇరవై రెండేండ్ల నుంచి పడుతున్న. అవతలి మనిషి కదలకముందే, కదుల్తడని తెలుస్తది," అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. అది నా విద్య.

ఆమె తన మోచెయ్యి వైపు చూసింది.

"మరి కోదాడల?"

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఎంతోమందికి చెప్పీ చెప్పీ అరిగిపోయినవి. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది, నువ్వు దొర్లుతవని నేననుకోలే, వీడియో ఉంది చూడు. నోరు తెరిచాను. ఆమె చెయ్యి నా రెండు చేతుల్లో ఉంది, నేను అబద్ధం ఆడితే అది ఆమెకు ఆ చేతిలోంచే తెలిసిపోతుందని అనిపించింది.

"తెల్సింది," అన్నాను.

"నేను దొర్లకముందే?"

"ముందే."

"వదలొచ్చు గదా."

"వదలొచ్చు."

"మరి?"

"వాడు సూస్తుండె," అన్నాను. ఇంత పెద్ద వయసులో, కన్నబిడ్డకు చెప్పడానికి నా దగ్గర ఉన్న కారణం అది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నాకు గప్పుడే తెల్సు నాన్నా," అన్నది. "నేను ముందుకు పోతుంటే నువ్వు ఇంక గట్టిగ పట్టినవ్. నీ చంక బిగిసింది. గది నాకు తగిలింది. నువ్వే చెప్తవని సూసిన. రెండు నెల్లు కావస్తున్నది."

నేను ఏదో అనబోయాను. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

"సారుకు చెప్తవో చెప్పవో నీ ఇష్టం. అమ్మ రోజూ ఆయన్ను తిడుతున్నది, నేను ఇంటున్న. అమ్మకు చెప్పు."

"చెప్త."

"ఇప్పుడు చెప్పు."

ఆమె చేతిని తువ్వాలు మీద మెల్లగా దించి లేచాను. వంటింట్లో మా ఆవిడ ఉప్మాకు నీళ్ళు పోసి నిలబడి ఉంది. గుమ్మం దగ్గర ఆగి, ఆమె వీపును చూస్తూ చెప్పాను.

"కోదాడల బిడ్డ చెయ్యి దొర్లుడుకు పోలే. నేను వదల్లే. దొర్లుతదని తెల్సి కూడ పట్టిన."

ఆమె పొయ్యి మంట తగ్గించింది. వెనక్కి తిరగలేదు.

"మళ్ళొక్కసారి చెప్పు," అన్నది.